శీతకాలపు బేరములు

ఆట లేని దినములలోనే ఆటనుగూర్చి యెక్కువగా మాటలాడుకొను జనులను మేము 2019వ సంవత్సరము డిసెంబరు నెలలో మొదటిసారి చూచితిమి.

మా చెల్లెలు అమెరికాలో బోస్టన్ నగరమునకు పడమటనున్న యొక చిన్న పట్టణమున కాపురమున్నది. ఆమెకు రెండవ కాన్పు దగ్గరపడగా మా అమ్మగారు వెళ్లక తప్పదనిరి. ఆమె ఒంటరిగా విమానమెక్కుటకు మేమొప్పుకొనలేదు. పదవ తరగతివారికి పాఠములన్నియు నవంబరులోనే ముగించి, రెండు నెలలు జీతములేని సెలవు పెట్టి, ఆమెను వెంటబెట్టుకొని బయలుదేరితిమి. మేము సంస్కృతము చదివి తెలుగు చెప్పి బ్రతుకువారము. ఇంగ్లీషునందును పట్టము పుచ్చుకొంటిమి గాని, ఆ భాషను తల్లిభాషగా గలవారి నడుమ గంటసేపైనను కూర్చుండి యెఱుగము.

అచట మోకాలిబంటి మంచు. సాయంకాలము నాలుగున్నర కాకమునుపే చీకటి. ఇంటిలో నెవరి పనులు వారికున్నవి; మాకు మాత్రము లేవు. మా మేనల్లుడు పదమూడేండ్లవాడు మమ్ము జాలిదలచి మొదటి శనివారమున క్షౌరశాలకు గొనిపోయెను. అందు మూడు కుర్చీలును, గోడవెంబడి నొక పొడుగు బల్లయు నుండెను. బల్లమీదివారెవ్వరును క్షౌరమునకు వచ్చినట్లు తోచలేదు. ఒకరిద్దరికి దాని యవసరమే లేదు. మన యూళ్లలో రచ్చబండ చేయు పని నచట నా బల్ల చేయుచున్నది. పింఛను పుచ్చుకొన్న పోస్టుమాన్ యొకడు, బడిపిల్లల బస్సు నడపు స్త్రీ యొకర్తె, కాలేజీ కుఱ్ఱవాడొకడు, కత్తెర చేతబట్టిన ముసలి యజమాని, ఈ నలుగురును ఘోరముగా వాదించుకొనుచుండిరి.

"ఇప్పుడే అమ్మివేయవలెను. ఇంకొక్క యేడాగినచో దమ్మిడీ రాదు" అని పోస్టుమాన్ యనుచుండెను. "అటువంటిది మరల దొరకునా? కడుపు కట్టుకొనియైనను ఉంచుకొనవలెను" అని యామె. మేము గుఱ్ఱమును గూర్చి కాబోలు ననుకొని, దాని వయస్సెంతయని మేనల్లుని నడిగితిమి. వాడు పగలబడి నవ్వి, "గుఱ్ఱం కాదు మామయ్యా, మూకీ బెట్స్!" అనెను.

చదువరులలో బేస్‌బాల్ చూడనివారే యధికముగా నుందురు గనుక రెండు మాటలు చెప్పవలెను. ఈ యాట మన బిళ్లంగోడునకును క్రికెట్టునకును దూరపు చుట్టము. మార్చి కడపటినుండి సెప్టెంబరు కడపటివఱకు నొక్కొక్క జట్టు 162 ఆటలాడును. అక్టోబరులో గొప్ప పందెములు జరుగును. పిమ్మట ఫిబ్రవరి నడుమ వఱకు బంతి కదలదు. కాని నోరు కదలుచునే యుండును. పూర్వము పల్లెటూరి దుకాణములలో ఇనుప పొయ్యి చుట్టు చేరి చలికాచుకొనుచు జనులీ ముచ్చట్లు చెప్పుకొనెడివారట. అందుచే ఈ శీతకాలపు ప్రసంగములకు నేటికిని వేడిపొయ్యి పేరే నిలిచిపోయినది.

ప్రసంగమంతయు రెండు విషయములమీదనే. ఒకటి ఒప్పందము: గడువు తీరిన యాటగాడు తనకు నచ్చిన జట్టుతో క్రొత్తగా కుదుర్చుకొనునది. రెండవది మారకము: గడువు తీరని యాటగానిని ఒక జట్టు వేఱొక జట్టున కిచ్చి, బదులుగా నింకొకనినో, ఇద్దరినో, సొమ్మునో పుచ్చుకొనునది. బల్లమీదివారీ రెంటిని ఒక్క యూపిరిలో మాటలాడుదురు. మేమును చాలదినములు రెండును ఒకటే యనుకొంటిమి.

బోస్టన్ జట్టునకు రెడ్ సాక్స్ అని పేరు. బెట్స్‌ను ఆ జట్టువారు 2011లో బాల్యము వదలక మునుపే యేఱుకొని పెంచిరి. 2018లో ఆ జట్టు 108 ఆటలు గెలిచి, గొప్ప పందెమును గూడ గెలిచినది. ఆ యేడు అమెరికన్ లీగులో మేటి యాటగాడను బిరుదము వానికే వచ్చినది. మరుసటి యేడు జట్టు చతికిలబడినది. 2020 ముగియగానే బెట్స్ గడువు తీరును, వాడు తనకు నచ్చిన చోటికి పోవచ్చును. వివాదమంతయు నిక్కడ.

కాలేజీ కుఱ్ఱవాడు లెక్కల మనిషి. జీతముల మొత్తము 2020లో 20 కోట్ల 80 లక్షల డాలర్లు దాటినచో జట్టు పన్ను కట్టవలెను; వరుసగా మూడవ యేడు దాటినవారికి దాటిన సొమ్ములో నూటికి 50 వంతులు; బోస్టన్ రెండేండ్లు వరుసగా దాటియేయున్నది. ఇవన్నియు వాని నాలుక చివరనున్నవి. వాని మాట: పోవువాడు ఎటులైనను పోవును, పోకమునుపే నలుగురు పసివాండ్రను పుచ్చుకొని పంపుట తెలివి. పోస్టుమాన్ ఇంకను గడుసువాడు. డేవిడ్ ప్రైస్ అను బంతి విసరువానికి 2015లో ఏడేండ్లకు 21 కోట్ల 70 లక్షల డాలర్లు ఒప్పుకొనియుండిరి. ఇంకను మూడేండ్లకు 9 కోట్ల 60 లక్షలు మిగిలియున్నవి. భుజము మోచేయి పట్టుబడని మనిషి. బెట్స్‌ను కావలెనన్నవారు ప్రైస్‌ను గూడ తీసికొనిపోవలెనని షరతు పెట్టుడని యాతని సలహా. పాడిగేదెతో వట్టిపోయినదానిని ఒక్క పలుపున గట్టి సంతలో తెగనమ్ముట మన రైతులకును తెలిసిన విద్యయే. బస్సు నడపు స్త్రీ మాత్రము లెక్కలను లెక్కచేయదు. "యజమాని కోటీశ్వరుడు; టిక్కెట్టు చూచిన కడుపు మండును; ఆ పన్నేదో ఆయనయే కట్టుగాక" అనును. మాకామె వాదమే నచ్చినది. చూడవచ్చువాడు జమాఖర్చుల పుస్తకమును చూచుటకు రాడుగదా!

అందఱును 'మనము' అని మాటలాడుటయే మాకు మొదట విడ్డూరమైనది. 'మనమీయేడు ఇద్దరిని కొనవలెను', 'మనము ప్రైస్‌కు అంత యిచ్చియుండరాదు' అందురు. పోస్టుమాన్‌గారికి ఆ జట్టులో చిల్లిగవ్వ వాటా లేదు. అయినను ఆ 'మనము'లో నటన లేదు. ఓడిన రాత్రి ఆయనకు నిద్రపట్టదట. వ్యాసములలో నొంటరివాడయ్యును 'మేము' అని వ్రాసికొను మా వంటివారికి ఈ విషయమున నొకరిని పరిహసించు నధికారము లేదు.

డిసెంబరు 26వ తేదీ దాటిన శనివారమున క్షౌరశాలలో మాటలు సన్నగిల్లినవి. వంద యేండ్ల క్రిందట, 1919 డిసెంబరు 26న, జట్టు యజమానియు నాటకముల వ్యాపారియునైన హ్యారీ ఫ్రేజీ బేబ్ రూత్ అనువానిని న్యూయార్కు యాంకీలకు లక్ష డాలర్లకు అమ్మెను. అంతకు ముందేడు, అనగా 1918లో, గొప్ప పందెము గెలిచిన బోస్టన్ మరల 2004 వఱకు గెలువలేదు. ఎనుబదియాఱేండ్లు! యాంకీలో, ఆ మనిషిని కొన్న పిమ్మట గెలిచి గెలిచి విసిగిరి. ముసలి యజమాని, తన తాత ఫ్రేజీ పేరును భోజనమువేళ పలుకనీయలేదని చెప్పి, "బెట్స్ కూడ పోయినచో నేనీ కత్తెర క్రింద పెట్టెదను" అనెను. అనినవాడు పెట్టలేదు. అది వేఱు సంగతి.

ఇన్ని కోట్లు విని మాకు వెగటు పుట్టెను. ఆ నెలలోనే యాంకీలు గెరిట్ కోల్ అనువానితో తొమ్మిదేండ్లకు 32 కోట్ల 40 లక్షల డాలర్లకు ఒప్పందము చేసికొనిరి. బంతి విసరుటకు! మనుష్యుల నంగడిలో పెట్టి వెల చెప్పుచున్నారుగదా యని ఇంటికి వచ్చి చెల్లెలి భర్తతో నంటిమి. ఆయన మందహాసము చేసి, "మన ఐపీయల్ వేలము మీరు చూడలేదా బావా?" అనెను. చూచితిమి. 2008 నుండియు చూచుచునే యున్నాము. సుత్తి దెబ్బకు పేరొక్కటి అమ్ముడుపోవుచుండగా టీ త్రాగుచు, హైదరాబాదువారు మోసపోయిరని తీర్పులు గూడ చెప్పితిమి. మన యింటి వేలమునందు కానరాని వెగటు పొరుగువాని సంతలో వెంటనే కానవచ్చును.

మా మేనల్లుని గదిలో నొక నోటుపుస్తకముండెను. తెఱచి చూచితిమి గదా, ప్రతి పుటయందు నిలువుగీత. ఎడమప్రక్క 'ఇచ్చునది', కుడిప్రక్క 'పుచ్చుకొనునది'. నవంబరునుండి వాడు జట్టును ముప్పదిసార్లు కూల్చి కట్టియున్నాడు. ప్రతి పేరునకు ప్రక్కన నొక అంకె. ఆ స్థానమున నొక సామాన్యుని నిలిపినచో వచ్చు గెలుపులకంటె వీనిచే నెన్ని గెలుపులు హెచ్చగునో తెలుపునదట యా అంకె. మనిషి విలువను మనిషి లేకపోవుటచేత కొలుచు నీ పద్ధతిలో నొక తర్కపు సొగసు లేకపోలేదు. నైయాయికులు సంతసింపగల అభావవిచారమిది. పుటలన్నియు తిరుగవేసితిమి. ప్రైస్ పేరు ఎడమప్రక్క నిరువదిసార్లుండును. బెట్స్ పేరు ఎడమప్రక్క నొక్కసారియు లేదు.

మాకు వెంటనే ఐతరేయ బ్రాహ్మణములోని శునశ్శేపుని కథ జ్ఞప్తికి వచ్చినది. యజ్ఞమున బలి యిచ్చుటకు నొక బాలుడు కావలెను, నూఱు గోవులిత్తురు. ఆకలిచే మాడుచున్న అజీగర్తునకు ముగ్గురు కొడుకులు. పెద్దవానిని ఇయ్యనని తండ్రి కౌగిలించుకొనెను. చిన్నవానిని ఇయ్యనని తల్లి. నడిమివాడు మిగిలెను. ఆ కథను మేము చాలమార్లు పాఠము చెప్పితిమి. తండ్రి క్రూరత్వమును వర్ణించుటయే కాని, ప్రేమించిన యిద్దరిని దాచుకొన్న చేతులే మూడవవానిని సంతకు త్రోసినవని మాకంతవఱకు తోచలేదు. నోటుపుస్తకమునందు ప్రేమలేదని యెవరనగలరు?

ఫిబ్రవరి మొదటివారమున జట్టు సామానుల లారీ ఫెన్‌వే మైదానమునుండి ఫ్లోరిడాకు, అనగా అభ్యాసము చేయు చోటికి, బయలుదేరును. లారీని సాగనంపుటకు జనులు మంచులో నిలిచి చప్పట్లు కొట్టుదురు. ఆ సంబరము టెలివిజనులో చూచిన మఱునాటి రాత్రి, ఫిబ్రవరి 4న, వార్త వచ్చినది. బెట్స్, ప్రైస్ ఇద్దరును లాస్ ఏంజిలస్ డాడ్జర్లకు పోవుచున్నారు. మా మేనల్లుడు 50వ అంకె గల చొక్కా తొడిగికొని భోజనమునకు కూర్చుండినవాడు కంచము ముట్టక లేచిపోయెను. తండ్రి వాని వెనుకబోయి పన్నును గూర్చియు, మూడవ యేటి వడ్డనను గూర్చియు ఓదార్చెను. ఓదార్పునకు లెక్కలు చాలవు.

మా అమ్మగారికి ఈ యాట తెలియదు. పసిబిడ్డను కాళ్లమీద పడుకోబెట్టుకొని నూనె రాయుచు, ఆ గందరగోళమంతయు విని, "ఆ అబ్బాయిని అడిగారుట్రా?" అనెను.

ఎవరిని అని మేమంటిమి.

"ఆ పంపించే అబ్బాయినే. వెళ్తావా అని అడిగారా?"

ఇంటిలో నెవ్వరికిని సమాధానము తోచలేదు. మేమా నెలన్నర దినములలో విన్న వాదములలో, అమ్మవలె ననిన వాదమునందు గాని, ఉంచుకొనవలె ననిన వాదమునందు గాని, ఈ ప్రశ్న లేదు.

మఱునాడు పట్టణ గ్రంథాలయమునకు పోయి వెదకితిమి. ఆ ప్రశ్న నడిగినవాడు పూర్వమొకడున్నాడు. పేరు కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టున పండ్రెండేండ్లాడినవాడు. రెండు గొప్ప పందెములు గెలిచిన జట్టులో నుండినవాడు. 1969 అక్టోబరులో వానిని ఫిలడెల్ఫియాకు మార్చినట్లు వానికి టెలిఫోనులో తెలిసినది. ఆనాటి నియమము విచిత్రమైనది. గడువు తీరినను ఆటగానిపై హక్కు జట్టునదే. 1879లో మొదలైన యా కట్టుబాటుచేత, యజమాని విడిచిననే తప్ప, ఒకసారి సంతకము చేసినవాడు బ్రతికినన్నాళ్లు ఆ జట్టు సొత్తు. ఫ్లడ్ 1969 డిసెంబరు 24న ఆట పెద్దయైన బౌవీ క్యూన్‌కు ఉత్తరము వ్రాసెను. తన యిష్టానిష్టములు విచారింపక కొని యమ్ముటకు తాను వస్తువును కానని దాని సారాంశము. అప్పటికి వాని జీతము యేటికి 90,000 డాలర్లు. అంత జీతగాడవు నీకేమి దాస్యమని యడిగినవారికి, జీతము పెద్దదైనంత మాత్రమున దాస్యము దాస్యము కాకపోదని బదులు చెప్పెను. వాడు నల్లజాతివాడు, ఆ దేశమున దాస్యమను మాట వాని నోట ఉపమానము మాత్రమే కాదు.

న్యాయస్థానములకెక్కెను. 1972లో సుప్రీంకోర్టు అయిదుగురు ముగ్గురుగా చీలి వానికి విరుద్ధముగా తీర్పు చెప్పినది. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి మొదట ఎనుబదిమందికి పైగా పూర్వపు ఆటగాండ్ర పేర్లను భక్తితో నేకరువు పెట్టెను. న్యాయమూర్తియు నభిమానియే! ఫ్లడ్ 1971లో 13 ఆటలు మాత్రమాడి విరమించెను. వాడు నాటిన చెట్టు పండ్లు వానికి దక్కలేదు. 1975 డిసెంబరులో పీటర్ సీట్జ్ అను మధ్యవర్తి, వేఱిద్దరి తగవులో, గడువు తీరినవాడు స్వతంత్రుడని తీర్పు చెప్పెను. నాటినుండి ఆఱేండ్లు ఆడినవాడు గడువు తీరగానే తన బేరము తాను చేసికొనవచ్చును. పదియేండ్లు ఆడి, అందు కడపటి యైదేండ్లు ఒక్క జట్టులోనే యున్నవానిని వాని సమ్మతిలేక మార్చరాదని యింకొక నియమము పుట్టెను. మా ప్రైస్‌గారికి పదియేండ్లు నిండినవి గాని, బోస్టన్‌లో నాలుగే నిండినవి. ఒక్క యేడు తక్కువ. కనుక నడుగలేదు.

అప్పుడు మా వెగటు ఎంత తప్పుచోట నిలిచియుండినదో తెలిసినది. కోల్‌నకు వచ్చిన 32 కోట్లు విని మేము సంతయంటిమి. ఆ సొమ్ము కోల్ జేబులోనికే పోయినది. వాని వెల వాడే చెప్పుకొని వాడే పుచ్చుకొనెను. రూత్‌ను అమ్మిన లక్ష డాలర్లు రూత్‌కు పోలేదు, ఫ్రేజీకి పోయినవి. అజీగర్తుని నూఱు గోవులును శునశ్శేపునివి కావు. మొత్తము పెద్దదా చిన్నదా యని చూచి నీతిని నిర్ణయించితిమి గాని, ఎవరి చేతికి ముట్టినదని చూడలేదు. శునశ్శేపుడు బలిస్తంభమునుండి విడివడిన పిమ్మట, తండ్రి తిరిగి పిలిచినను పోక, విశ్వామిత్రుని కొడుకుగా నుండుటకు తానే ఒప్పుకొనెను. పెద్ద పెద్ద అంకెల యొప్పందములన్నియు ఆ విశ్వామిత్రుని యొడివంటివి. మా చెవికి రొదగా వినబడినది ఒకని స్వాతంత్ర్యము. బల్లమీది మాటలలో సద్దులేక సాగిపోవు మారకమే పాతనాటి శేషము.

ఇంతలో బేరము నిలిచిపోయినది. మిన్నెసోటానుండి బోస్టన్‌కు రావలసిన బ్రస్‌డార్ గ్రాటరోల్ అను ఇరువదియొక్క యేండ్ల కుఱ్ఱవాని వైద్యపత్రములు చూచి బోస్టన్‌వారు సందేహించిరట. మా మేనల్లుడు గంతులు వేయుచు వచ్చి, "వాడి చెయ్యి బాగోలేదట మామయ్యా! క్యాన్సిల్ అవచ్చు!" అనెను. ఎవని చేయియో చెడినదని ఆ పసివాని కన్నులలో దీపములు వెలిగినవి. మేమేమియు ననలేదు. ఫిబ్రవరి 10న బేరము వేఱు రూపమున ఖాయమైనది: బెట్స్, ప్రైస్‌లకు బదులుగా అలెక్స్ వర్డుగో, జీటర్ డౌన్స్, కానర్ వాంగ్ అను ముగ్గురు, ప్రైస్ జీతములో సగము బోస్టనే యిచ్చుకొనవలెను. వట్టిపోయిన గేదెకు మేత కూడ మనమే!

తరువాతి కథ త్వరగా చెప్పెదము. 2020 జూలైలో బెట్స్ డాడ్జర్లతో 12 యేండ్లకు 36 కోట్ల 50 లక్షల డాలర్లకు తానై యొప్పందము చేసికొనెను. ఆ యేడే ఆ జట్టు గొప్ప పందెము గెలిచినది. చేయి బాగులేదనిన గ్రాటరోల్ కూడ ఆ జట్టులోనే యుండెను. 2024, 2025లలోను వారే గెలిచిరి. బోస్టన్‌కు వచ్చిన ముగ్గురిలో డౌన్స్‌ను 2022లోనే వదలుకొనిరి. వర్డుగోను 2023లో యాంకీలకే యిచ్చివేసిరి. మా మేనల్లుడిప్పుడు కాలేజీలో నున్నాడు. ఈనాటికిని ఫోనులో ఆ బేరమును తిరుగవేయును. ఎట్లు చేసినను నష్టమే తేలును. 2023 డిసెంబరులో షోహీ ఒటాని పదియేండ్లకు 70 కోట్లకును, 2024 డిసెంబరులో హువాన్ సోటో పదునైదేండ్లకు 76 కోట్ల 50 లక్షలకును కుదిరినపుడు వాడు మాకు ఫోను చేసి, మేము నోరు తెఱచెదమేమోయని కనిపెట్టెను. మేము తెఱవలేదు.

ఈ ముచ్చట ఇంతవఱకే యైనచో మేము కాగితము చెడగొట్టువారము కాము. ఆనాడు గ్రంథాలయమున ఫ్లడ్ కథ చదువుచు మేము తలయెత్తి కిటికీలోనుండి మంచు చూచుచు నెంతసేపు కూర్చుంటిమో తెలియదు. మా తలపు ఫిలడెల్ఫియాలో లేదు.

మా పాఠశాలకు రెండు శాఖలు. 2019 వేసవిలో, గట్టి పిల్లలనందఱ నొకచోట చేర్చినచో పదవ తరగతిలో పదికి పది గ్రేడు పాయింట్లు తెచ్చువారి సంఖ్య ప్రకటనలలో పెద్దదిగా వేసికొనవచ్చునని పైవారు యోచించిరి. ఉపాధ్యాయుల సమావేశమున పేర్ల పట్టికలు ముందు పెట్టిరి. నిలువుగీత అందును కలదు. మా తరగతిలో నొక బాలుడుండెను. పద్యము చదివిన గది నిండును, లెక్క యిచ్చిన కన్నులు నిండును. మాకు వాడనిన ప్రీతి. ఆ గదిలో నాలుగు గంటలు గడచినవి. ఆకలి వేయుచున్నది. మా తరగతి సగటు అందఱికంటె తక్కువగానున్నదని యొకరెత్తిపొడిచిరి. మేము ఆ బాలుని పేరు మీద వ్రేలుంచి, "వీనిని ఆ శాఖకిచ్చి, అచ్చటి లెక్కల పిల్లవానిని మనము పుచ్చుకొందము" అంటిమి. 'మనము' అనియే యంటిమి. సమావేశము సంతోషముగా ముగిసినది.

జూన్‌లో ఆ బాలుని తండ్రి వచ్చెను. ఉదయము బండిమీద ఇడ్లీలమ్మి, చేతుల తడి యారకముందే వచ్చెను. "మావాడేం తప్పు చేశాడండీ మాస్టారూ?" అనెను. బాలుడు వెనుక నిలుచుండి నేలచూపు చూచుచుండెను. క్రొత్త శాఖ పదునాలుగు కిలోమీటర్లు. మేము పైవారి నిర్ణయమని చెప్పితిమి. అబద్ధము కూడ కాదు. అందుచేతనే అంత సులభముగా నోట వచ్చినది.

ఫిబ్రవరి మూడవవారమున తిరిగివచ్చితిమి. వచ్చిన నాలుగవ దినమున సాయంకాలము బస్సెక్కి ఆ శాఖకు పోయి గేటువద్ద నిలిచితిమి. చీకటిపడిన తరువాత పరీక్షల చదువునుండి పిల్లలను వదలిరి. వాడు కొంచెము పొడుగైనాడు. మమ్ము చూచి పరుగున వచ్చెను. మేమేవేవో కుశలప్రశ్నలు వేసి, కడపట, వానిని పంపుమని యా సమావేశమున చెప్పినవారము మేమే యనియు, పైవారు కారనియు చెప్పితిమి.

"తెలుసు మాస్టారూ. ఇక్కడ ఆఫీసులో అన్నారు" అనెను.

ఎనిమిది నెలలనుండి వానికి తెలియును. మేము మాటకు తడవుకొనుచుండగా వాడే అందుకొనెను. "నా బదులు అటు వెళ్లినవాణ్ణి కూడా అడగలేదటండీ. వాడిది ఈ ఊరే. పొద్దున్నే మా బస్సూ వాళ్ల బస్సూ కాలువ వంతెన దగ్గర ఎదురవుతాయి. చెయ్యూపుతాడు."

వాని బస్సు కూత వేసినది. వాడు నమస్కరించి పరుగెత్తెను.

ఆ లెక్కల పిల్లవాడు జూన్‌నుండి మా యెదుట మొదటి బల్లమీద కూర్చుండుచున్నాడు. వాని మార్కులు ప్రతి పరీక్షవియు మాకు కంఠస్థము. వాడు బస్సులో వచ్చుచున్నాడని మాకు తెలియదు. మఱునాడు హాజరుపట్టీ విప్పి వాని పేరు పిలిచితిమి. "వచ్చానండీ" అనెను. తరువాతి పేరు పిలుచుటకు కొంత ఆలస్యమైనది.